గౌరీశంకర్ లెక్కపెడుతున్నాడు

సాయంత్రం దేవుడి దగ్గర దీపం వెలిగించాక పోలమ్మ చేట పట్టుకుని లోపలి గదిలోకి వచ్చేది. చేటలో చిక్కుడుకాయలో, తోటకూరో, మర్నాటి బియ్యమో ఏదో ఒకటి ఉండేది. ఉత్త చేతులతో కూర్చోవడం ఆవిడకు పుట్టాక తెలియదు. మంచం పక్కన పీట వేసుకుని, బల్ల మీదున్న పాత ల్యాప్‌టాప్‌కి ఎదురుగా కూర్చుని, "ఎక్కించవే," అనేది కోడలితో.

కోడలు రోహిణి దిద్దుతున్న పరీక్ష కాగితాలు పక్కకు నెట్టి, అత్త చెబుతుంటే ఒక్కొక్క అంకే కొట్టేది. పది అంకెలు. పోలమ్మకు కంఠతా వచ్చిన పెద్ద సంఖ్య ఈ లోకంలో అదొక్కటే. కొడుకు గౌరీశంకర్ ఫోన్ నంబరు. బజార్లో ఎక్కడైనా తప్పిపోతే ఎవరినో ఒకరిని బతిమాలి ఫోన్ చేయించుకోమని అతనే ఎప్పుడో కూర్చోబెట్టి నేర్పించాడు. మీట నొక్కగానే ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను గుయ్యిమనేది. బల్ల కూడా వేడెక్కేది. పోలమ్మ భుజాలు మెల్లగా కిందికి దిగేవి. "మొదలెట్టినాడు," అని, చిక్కుడు ఈనెలు తీసుకుంటూ, పొయ్యి మీద అన్నం ఉడికేంత సేపు అక్కడే కూర్చునేది. తెర మీద జవాబు పడ్డాక చేట దులుపుకుని లేచేది. ఆ జవాబు ఎంతో ఆవిడ ఏనాడూ అడగలేదు. అడిగినా రోజూ అదే జవాబు.

గౌరీశంకర్ పోయి అప్పటికి ఏడాది దాటింది.

బాగ్‌బేరా అంటే హిందీ దేశపు ఉక్కు ఊళ్లో రైల్వే తెలుగువాళ్లు ఇళ్లు కట్టుకున్న పేట. అక్కడ ఒకరింట్లో ఏం జరిగినా నాలుగిళ్లకు తెలియకుండా ఉండదు. గోడలు అలాంటివి, మనుషులూ అలాంటివాళ్లే. పక్కింటి చిలకమ్మ ఓ రోజు కిటికీలోంచి తొంగి చూసి, మీ అత్తకి టీవీ సీరియలు అక్కర్లేదు, కొడుకు లెక్క ఉంటే చాలు అని హాస్యమాడబోయి, పోలమ్మ ముఖం చూసి నాలిక కరుచుకుంది. తరవాత వీధిలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంతకీ ఆ లెక్కేమిటో చెప్పుకోకుండా ముందుకు పోతే నమలకుండా మింగినట్టు ఉంటుంది. పన్నెండు లడ్డూలున్నాయనుకోండి. పళ్లెంలో మూడు వరసల్లో నాలుగేసి పేర్చవచ్చు, రెండు వరసల్లో ఆరేసి పేర్చవచ్చు. అదే పదమూడు లడ్డూలైతే? ఎన్ని వరసల్లో పేర్చబోయినా కొన్ని మిగిలిపోయి వెక్కిరిస్తాయి. పొడుగ్గా ఒక్క వరసలో పెట్టి ఊరుకోవలసిందే. ఇలా ఎవరి పంపకానికీ లొంగని మొండి సంఖ్యల్ని ప్రధాన సంఖ్యలంటారు. ఫలానా సంఖ్య దాకా అలాంటి మొండివి ఎన్ని ఉన్నాయని అడిగితే లెక్కపెట్టి చెప్పడం గౌరీశంకర్ రాసిన ప్రోగ్రామ్ చేసే పని. అది అతని ఇంట్లో ఒక్కచోటే ఉండేది కాదు. ప్రపంచంలో ఎవరైనా పైసా ఇవ్వకుండా వాడుకోగల లెక్కల సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. దాన్ని రాసేవాళ్లూ జీతాలు లేనివాళ్లే, తలా ఒక ముక్క రాస్తారు. అందులో ఈ ముక్క గౌరీశంకర్‌ది.

రోహిణి అదే ఊళ్లో అగ్రికో అనే కంపెనీ కాలనీ పిల్ల. తండ్రి స్టీలు కంపెనీలో పనిచేసేవాడు. కంపెనీ క్వార్టర్లో పుట్టి, అక్కడి బడిలో చదివి, లెక్కల్లో ఎమ్మెస్సీ దాకా పోయింది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. మూడింట్లోనూ లెక్కలొక్కటే మారకుండా ఉంటాయని ఆమెకు అవంటే ఇష్టం. పెళ్లిచూపులకు గౌరీశంకర్ తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. తండ్రి రైల్వేలో గార్డుగా చేసి, రిటైరై, బాగ్‌బేరాలో రెండు గదుల ఇల్లు కట్టి, అందులో ఎక్కువకాలం ఉండకుండానే పోయాడు. పిల్లను ఏమైనా అడగమని పెద్దలంటే గౌరీశంకర్ తల వంచుకునే, తొంభై ఒకటి ప్రధాన సంఖ్యేనా అని అడిగాడు. చూడ్డానికి మొండిగానే ఉంటుంది ఆ సంఖ్య, చాలామంది పొరబడతారు. రోహిణి కాఫీ పళ్లెం కింద పెట్టకుండానే, కాదు, పదమూడు ఏడులు అంది. పోలమ్మ కొడుకు తొడ మీద ఒకటి వేసింది. "పిల్లని సూడ్డానికొచ్చి ఎక్కాలడగతావేట్రా?" అంది. నవ్వుల్లో సంబంధం కుదిరిపోయింది.

అతను ఒక కాలేజీలో తాత్కాలిక లెక్చరరు. ఏళ్లు గడిచినా ఆ తాత్కాలికం అలాగే ఉండిపోయింది. రోహిణి ఊళ్లోనే జుగ్సలాయి అనే బజారు పేటలో ఒక ప్రైవేటు బడిలో చేరింది. పొద్దున్నే షేర్ ఆటోలో ఇరుక్కుని, గోదాముల ముందు లారీలు దారి వదిలేదాకా పడిగాపులు కాసి, బడికి చేరేది. పిల్లలు కలగలేదు. ఆదివారం మధ్యాహ్నాలు భార్యాభర్తలిద్దరూ ఒకే బల్లకు చెరోపక్క కూర్చునేవారు. అతను ప్రోగ్రామ్ రాసేవాడు. ఆమె చూసి తప్పులు పట్టేది. అతనిది ఉరుకు, ఆమెది నిదానం. పోలమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం కొలుస్తూ, అలవాటు ప్రకారం ఒకటికి బదులు "లాభం" అనేది. లాభం, రెండు, మూడు అని. గౌరీశంకర్ నవ్వి, మా లెక్కలో ఆ లాభాన్ని కలుపుకోమమ్మా, ఒకటి ప్రధాన సంఖ్య కాదు, రెండుతోనే మొదలు అన్నాడు. లాభాన్ని తీసేసి మొదలెట్టే లెక్క ఏ ఇంటికి మంచిదని ఆవిడ ఆ పూటంతా అలిగింది. తల్లిని మెప్పించడానికి, ప్రోగ్రామ్‌లో ఆ ఒకటిని తీసేసే చోట దానికి ఇంగ్లీషు అక్షరాల్లో 'లాభం' అని పేరు పెట్టాడు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో అది చదివి ఇదేం మాటో అనుకునే ఉంటారు.

వానాకాలంలో పచ్చకామెర్లు వచ్చాయి. మందు తిన్నాడు, పథ్యం చేశాడు, తగ్గిందనుకున్నారు. తిరగబెట్టింది. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి కాలేయం చేజారిపోయింది. నలభై కూడా నిండని మనిషి.

ఆ సాఫ్ట్‌వేర్ మనుషులు తలా ఒక దేశం నుంచి సంతాపం రాశారు. ఆయన ముక్కను ఇక మీరు చూసుకోగలరా అని రోహిణిని అడిగారు. చూసుకుంటానంది. పదవీ కాదు, జీతమూ లేదు. ఆ ముక్కలో ఎవరు ఏ మార్పు చేయాలన్నా ఆమె చూసి సరేననాలి, అంతే. కర్మలన్నీ అయ్యాక ఒక సాయంత్రం ఆమె ఆ ప్రోగ్రామ్ నడిపి చూస్తుంటే పోలమ్మ వచ్చి, ఆ చప్పుడేమిటని అడిగింది. ఆయన రాసిన లెక్క నడుస్తోందంది రోహిణి. ఇక్కడేనా, ఇంకెక్కడైనా నడుస్తుందా అని పోలమ్మ ఆరా తీసింది. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారని చెప్పింది రోహిణి.

పోలమ్మ వంగి, వెచ్చబడిన బల్ల మీద అరచెయ్యి ఆనించింది.

"అయితే ఇప్పుడు కూడా ఎక్కడో ఎవుడో అడగతంటే మావోడు లెక్కెడతన్నాడన్నమాట," అంది.

కాదనడానికి అందులో అబద్ధమేమీ లేదు కదా అనుకుంది రోహిణి. మర్నాటి నుంచి ఆ పీట, ఆ చేట.

కొడుకు పోయిన రోజున కూడా పోలమ్మ ఏడవలేదు. శవం గుమ్మంలోకి వచ్చినప్పుడు వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చింది, చాపలు పరిచింది, పూలవాడితో మాట్లాడింది. ఊళ్లోవాళ్లు వంతులవారీగా వచ్చి పట్టుకుని శోకాలు పెడుతుంటే వాళ్ల వీపు నిమిరింది. మన ఆడవాళ్లకు ఏడుపంటే ఏడుపు కాదు, పోయినవాణ్ని పేరు పెట్టి పిలిచి, వాడి గుణాలన్నీ చెప్పి, నన్ను ఎవరికి వదిలి పోయావని నిలదీసి, అదో పెద్ద పని. ఆ పని పోలమ్మ చెయ్యలేదు. అప్పటి నుంచి రోహిణికి ఒక్కటే భయం. ఆవిడ లోపల ఏదో బిగించి పెట్టుకుని ఉంది, దాన్ని పట్టి ఉంచుతున్నది ఆ ఫ్యాను చప్పుడే, అది ఆగితే మనిషి ఏమవుతుందో అని.

ఇలా ఉండగా సూరజ్ అనే కుర్రాడు ధన్‌బాద్ నుంచి రాశాడు. అక్కడ కాలేజీలో రీసెర్చి చేస్తున్నాడట. ప్రధాన సంఖ్యల్ని లెక్కపెట్టే కొత్త పద్ధతిలో ప్రోగ్రామ్ రాశాను, పాతదాన్ని తీసేసి దీన్ని పెడితే అందరికీ మేలు, మీరు చూడండి అని. పద్ధతి అతను కనిపెట్టింది కాదు, పాతకాలం నుంచీ పెద్దవాళ్లు సానబెడుతూ వచ్చిందే. దాన్ని శుభ్రంగా రాశాడు. రోహిణి నడిపి చూసింది. పోలమ్మ పీట మీద కూర్చుని చేటెడు చిక్కుడుకాయలు ఒలిస్తే గానీ రాని జవాబు, వేలు మీట మీంచి తియ్యకముందే తెర మీద పడింది. అంకె అంకెకూ అదే జవాబు.

ఆమె అది మూసేసి, లేచి వెళ్లి, గిన్నెలు తోమింది.

సరేనంటే గౌరీశంకర్ ముక్క పోతుంది. ఇంట్లో ఒక కాపీ ఉంచుకోవచ్చు, దానికి అడ్డేమీ లేదు. కానీ లోకంలో ఎక్కడా, ఎవరు అడిగినా, ఇక అతను లెక్కపెట్టడు. ఆ మాట పోలమ్మకు చెప్పి పీట వెయ్యాలా, చెప్పకుండా వెయ్యాలా? ముందు రోహిణి తనకు తాను చెప్పుకోవాలి కదా.

కాబట్టి వంకలు మొదలుపెట్టింది. పేర్లు అర్థమయ్యేలా లేవు, మార్చమంది. మార్చాడు. వివరణలు చాలలేదంది. రాశాడు. పరీక్షల సీజను, తీరిక లేదంది. ఏం పర్వాలేదు దీదీ, నిదానంగా చూడండి అన్నాడు హిందీలో. ఆ మర్యాద చూస్తే ఆమెకు ఇంకా మంట. మిగతావాళ్లు ఏమీ అనకుండా ఎదురుచూస్తున్నారు. ఎక్కడో కొండ ఊరి కాలేజీ మాస్టారు ఒకరు మాత్రం, మా దగ్గరున్నవి పాత కంప్యూటర్లు, పెద్ద సంఖ్య అడిగితే పిల్లలు గంట కొట్టేదాకా తెర చూస్తూ కూర్చుంటున్నారు, కొత్తది ఎప్పుడిస్తారని రాశారు. దానికీ రోహిణి జవాబివ్వలేదు. ఇదే పని ఇంకొకరు చేస్తే తానే ఏమనేదో ఆమెకు బాగా తెలుసు. తెలిసీ చేసింది.

చివరికి, కొత్తదానిలో నిజంగానే తప్పు దొరికితే బాగుండునన్న ఆశ పుట్టింది. శనివారం ఒంటిపూట బడి నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా, పాతదానికీ కొత్తదానికీ ఒకే సంఖ్యలిచ్చి పోల్చడం మొదలుపెట్టింది. మామూలు సంఖ్యలు, గుండు సున్నాలున్నవి, గజిబిజివి. అన్నీ కలిశాయి. తరవాత, ఒక పెద్ద ప్రధాన సంఖ్యను తీసుకుని దాన్ని దానితోనే గుణిస్తే వచ్చే సంఖ్య ఇచ్చింది. పాతది లెక్కపెట్టి చెప్పింది. కొత్తది చెప్పింది. ఒకటి తేడా.

మళ్లీ ఇచ్చింది. మళ్లీ ఒకటి తేడా. పాతదానికన్నా కొత్తది ఒకటి తక్కువ చెబుతోంది.

ఏడాదిగా ఎరగని సంతోషం వచ్చింది రోహిణికి. అందరూ చదివే చోట, ఈ కొత్త ప్రోగ్రామ్ తప్పు, ఒకటి వదిలేస్తోంది, తొందరపడి రాసినవి తీసుకోవడం కుదరదు అని రాసేసింది. సాయంత్రం ఉల్లిపాయ పకోడీలు వేసింది. పోలమ్మ ఆశ్చర్యపోయి, ఏటే అంత కులాసాగున్నావని అడిగింది.

"మీ అబ్బాయితో ఒకడు పోటీకొచ్చినాడత్తా. మీ అబ్బాయే గెలిచినాడు," అంది రోహిణి.

పోలమ్మ పకోడీ నోట్లో పెట్టుకోబోయి ఆగి, మెరిసిపోయింది. "ఆడితో పోటీయేటి. సిన్నప్పుటి నుంచీ అంతే," అంది. చిలకమ్మను గోడ మీంచి పిలిచి పకోడీలిచ్చి, సంగతి కూడా చెప్పింది.

ఆదివారం పొద్దున రోహిణి కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంది. కొత్తది ఏ సంఖ్యను వదిలేసిందో చూపించాలి కదా. రెండు ప్రోగ్రాముల్నీ చివరి నుంచి వెనక్కి తోలుకుంటూ పోలిస్తే ఆ సంఖ్య వెంటనే దొరికింది. పాతది ప్రధాన సంఖ్య అని పట్టుకున్నది, కొత్తది వదిలేసినది, తాను అడిగిన ఆ చిట్టచివరి సంఖ్యే. ఒకదాన్ని దానితోనే గుణించి తానే తయారుచేసిన సంఖ్య అది. మొండిది కాదు. సమానంగా వరసల్లో పేర్చవచ్చు.

తప్పు గౌరీశంకర్‌ది.

అతని పద్ధతి మన ఎక్కాల పద్ధతే. సంఖ్యలన్నీ వరసగా రాసుకుని, రెండో ఎక్కంలో వచ్చేవి కొట్టెయ్యాలి, మూడో ఎక్కంలోవి, అయిదో ఎక్కంలోవి, అలా. చివరికి మిగిలినవి లెక్కపెట్టాలి. నలభై తొమ్మిది దాకా అయితే ఏడో ఎక్కం కూడా కొట్టాలి, ఏడు ఏడులు నలభై తొమ్మిది కాబట్టి. అతను ఆ ఆఖరి ఎక్కానికి ముందే ఆగిపోయాడు. 'అంతకు తక్కువ' అని రాశాడు గానీ 'సమానమైనా సరే' అని రాయలేదు. చిన్న సంఖ్యలకు సిద్ధంగా పట్టిక ఉంది కనక అక్కడ బయటపడలేదు. పెద్దవాటిలో సరిగ్గా అలాంటి సంఖ్యే ఎవరూ అడగలేదు. పోలమ్మ ఇంట్లో బియ్యం డ్రమ్ము అడుగు ఏనాడూ గీకరు. ఎంత అవసరమైనా ఆఖరి గుప్పెడు అలాగే ఉంచి పైన కొత్త బియ్యం పోస్తారు. ఆ ఇంట్లో పెరిగిన చెయ్యి, చివరిదాకా పోకుండా ఒకటి ముందే ఆగింది కాబోలు అనిపించింది రోహిణికి. అతను బతికి ఉంటే తల మీద మొట్టికాయ వేసుకుని, ఒక్క గుర్తు చేర్చి, టీ పెట్టమనేవాడు. ఇప్పుడు ఆ గుర్తు తాను చేర్చవచ్చు. చేర్చినా అది నెమ్మదిదే. చేర్చాక అది అతనిదీ కాదు.

సూరజ్ నుంచి నిన్నటి మాటకు జవాబు లేదు. రోహిణే ఫోన్ చేసింది. అతను నసుగుతూ చెప్పిన దాన్ని బట్టి, ఆ తప్పు అతనికి మొదట్లోనే కనబడింది. తన ప్రోగ్రామ్‌ను పరీక్షించిన సంఖ్యల్లోంచి అలాంటివి కావాలనే తీసేశాడట. పాతది పోయేదే కదా, పోయిన మనిషి తప్పు అందరి ముందూ పెట్టడం ఎందుకని. నిన్న ఆమె రాసింది చదివి, తనదే తప్పని ఒప్పేసుకుందామా అని కూడా ఆలోచించాడట. పాత ప్రోగ్రామ్ ఎక్కడికీ పోదు దీదీ, పాత మార్పుల చిట్టాలో భద్రంగా ఉంటుంది, ఎవరైనా తవ్వి చూసుకోవచ్చు అన్నాడు. ఎవరు తవ్వుతారు అనుకుంది రోహిణి. పైకి మాత్రం, నువ్వేమీ ఒప్పుకోనక్కర్లేదు బాబూ అంది.

అందరూ చదివే చోట రాసింది. నిన్న నేనన్నది తప్పు, కొత్తదే సరి, పాతదానిలో ఒకటి ఎక్కువ వస్తోంది అని. అది గౌరీశంకర్ తప్పని రాసి, చెరిపి, మళ్లీ రాసింది. లెక్కలో మొహమాటం పెట్టుకుంటే అతనే ఊరుకునేవాడు కాదు. ఆ తరవాత సరే అన్న మీట నొక్కింది. అతని వాక్యాలన్నీ తెర మీద ఎర్రగా మారి, పక్కన కొత్తవి పచ్చగా వచ్చాయి. ఎర్రవాటి మధ్య 'లాభం' కూడా ఉంది. చూస్తుండగానే అన్నీ పోయాయి.

సాయంత్రం పోలమ్మ దీపం పెట్టి చేటతో వచ్చింది. పీట వేసుకుంది. రోహిణి మంచం దిగి నేల మీద, అత్త మోకాళ్ల దగ్గర కూర్చుంది.

"అత్తా, ఆయన లెక్క తీసీసినాను."

"ఎక్కణ్నించి?"

"అందరి కాణ్నించీ. మన కాడ ఉంటాది. ఇంకెక్కడా నడవదు."

పోలమ్మ చేట వైపు చూసుకుంది. నిన్ననే గెలిచాడన్నావు కదా అని అడగలేదు. ఎందుకని మాత్రం అడిగింది. రోహిణి దాచకుండా చెప్పింది. ఒకచోట తప్పుంది, ఒకటి ఎక్కువ చెబుతోంది. పైగా మెల్లగా చెబుతోంది, పిల్లలకు ఇబ్బంది. వేరే కుర్రాడు రాసింది వచ్చింది. పోలమ్మ విని, ఆ కొత్తదేదో చూపించమంది. ఎప్పటిలాగే నంబరు చెప్పింది. రోహిణి కొట్టింది. చివరి అంకె అయ్యాక మీట నొక్కింది. ఫ్యాను కదలలేదు.

"కొట్టవేటి?" అంది పోలమ్మ.

"వచ్చీసింది అత్తా. అదే జవాబు."

పోలమ్మ నమ్మలేదు. లెక్కపెట్టకుండా ఎలా చెబుతుంది, ఎక్కడో చూసి రాసుంటుంది, దొంగ లెక్క అంది. కొడుకు చెమటోడ్చి చెప్పిందాన్ని ఎవడో చిటికేసి చెబితే ఏ తల్లి నమ్ముతుంది? రోహిణి బడిలో పిల్లలకు చెప్పినట్టు, తెలిసినదాంట్లోంచి చెప్పబోయింది.

"మనుషుల్ని నిలబెట్టి లెక్కెట్టకుండానే మీరు చెప్పీగలరు కదత్తా, ఎన్ని విస్తళ్లో. ఆయన పన్నెండో రోజు బోయినాలకి చెప్పినారు. అలగే ఇదీని."

ఆ మాట నిజమే. బాగ్‌బేరాలో ఎవరింట్లో వంట పెట్టినా విస్తళ్ల లెక్క పోలమ్మదే. ఇంటింటికీ పోయి తలలు లెక్కపెట్టదు. రైల్వే వాళ్లు ఇంతమంది, తెలుగు సంఘం వాళ్లు ఇంతమంది, కాలేజీ వాళ్లు ఇంతమంది అని కలుపుతుంది. రైల్వేలోనూ సంఘంలోనూ ఉన్నవాళ్లు రెండుసార్లు పడ్డారు కాబట్టి ఒకసారి తీసేస్తుంది. అలాగే మిగతా జంటలు. మూడింట్లోనూ ఉన్నవాళ్లుంటే, మూడుసార్లు పడి మూడుసార్లూ పోయారు కాబట్టి, వాళ్లను తిరిగి కలుపుతుంది. వంటవాడు ఒక్క విస్తరి ఎక్కువ కొననక్కర్లేదు. సూరజ్ రాసిన పద్ధతీ అంతే. ఒక్కో సంఖ్యనూ పిలిచి పలకరించదు. గుంపులుగా కలిపి, గుంపులుగా తీసి, ఎక్కువ తీసినవాటిని తిరిగి కలుపుతుంది.

పోలమ్మ వేళ్లు ముడుస్తూ తనలో తాను అనుకోసాగింది. రైలోళ్లు. సంగపోళ్లు. కాలేజీవోళ్లు. రెండేసి చోట్ల ఉన్నోళ్లు. ఆ వేళ్లు ఒకచోట ఆగాయి.

"మూడింట్లోనూ ఉన్నోడు ఒక్కడే," అంది.

రోహిణికి అప్పటికి అర్థమైంది, తానేం అడిగిందో. చెయ్యి పట్టుకోబోయింది. పోలమ్మ పట్టుకోనివ్వలేదు.

"గార్డుగారబ్బాయి. సంగంలో ఉన్నాడు. కాలేజీలో ఉన్నాడు. ఏ ఇంట బోయినాలైనా ఆకర్ని, మావోణ్ని ఒకణ్ని కలపండి అని నేనే అనీదాన్ని. ఆ దినం మూడుసార్లూ తీసీసినాను. తీసీసి, మరి కలపనేదే, అమ్మీ. నేనే కలపనేదు."

చేట ఒళ్లోంచి జారింది. మొదట చిన్న మూలుగులా వచ్చింది. తరవాత కడుపు చీల్చుకుని వచ్చింది. నా కొడకా అని మొదలుపెట్టి, పుట్టిన వాన రాత్రి చెప్పింది, పలక పగలగొట్టుకుని వచ్చిన రోజు చెప్పింది, ఫోన్ నంబరు నేర్పించిన పూట చెప్పింది, బజార్లో నేను తప్పిపోతే ఇంక ఎవరికి చెయ్యమంటావురా అని అడిగింది. ఆ ఏడుపు గోడలు దాటిపోయింది.

ఇరుగుపొరుగు పరుగున వచ్చారు. అందరికన్నా ముందు చిలకమ్మ, చేతికి శనగపిండి అలాగే ఉంది. ఊరి నుంచి ఏదో కబురు వచ్చిందనుకుని గుమ్మంలోనే నిలబడి, రోహిణి వైపు చూసి, మెల్లగా అడిగింది.

"ఎవురు పోనారమ్మా?"

"గౌరీశంకరే, పిన్నీ," అంది రోహిణి.

చిలకమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పోలమ్మ పక్కన నేల మీద కూలబడి, ఆవిడ తల తన భుజం మీదికి లాక్కుంది.